నీళ్ళగోలీ వేసుకొను వేళ

నిజాము కొలువునందలి ఫ్రెంచి సేనాని రేమాండు పద్దెనిమిదవ శతాబ్దపు చివరి దశకములలో ఫిరంగులు పోతపోయించిన చోటగుటచే గన్‌ఫౌండ్రీ యని పేరువడసిన పేటలో, 1941లో స్థాపితమైన హైదరాబాదు స్టేట్ బ్యాంకు 2017లో భారతీయ స్టేట్ బ్యాంకున లీనమైనను, పింఛను కొఱకు వచ్చు వృద్ధుల రాక మానలేదు. వారి పాదముల వంక చూడుడు: ఉదయము వదులుగానున్న చెప్పు సాయంకాలమునకు బిగియును; చీలమండపై వ్రేలు నొక్కిన గుంట వెంటనే పూడదు. "కాళ్ళకు నీరు దిగింది" అందురు.

మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, అందు లీటరున్నర తక్క మిగిలినదంతయు రక్తమునకే మరల్చును. గుండె బలహీనపడినను, కాలేయము చెడినను మూత్రపిండములు ఉప్పును అతిగా పట్టియుంచును. ఉప్పున్నచోటనే నీరును నిలుచును. ఈ నీరు దింపుటకు వైద్యులిచ్చు నీళ్ళగోలీ ఉప్పును మూత్రమున వెడలించగా నీరు దాని వెంబడి పోవును. 1919లో వియన్నాయందు ఫోగల్ అను వైద్యవిద్యార్థి, సుఖవ్యాధికిచ్చిన పాదరసపు సూదిమందుచే మూత్రము వెల్లువగుట గమనించిన నాటినుండి 1950ల చివర థయజైడు బిళ్ళ వచ్చువరకు రోగులకు విషతుల్యమగు పాదరసమే దిక్కయ్యెను. లాసిక్సు అను నీళ్ళగోలీ 1960లలో వచ్చినది.

మా పెద్దమ్మ గుండెజబ్బుకు దానినే వాడును. వేసుకొన్న గంటకు మొదలై ఆరు గంటలు పనిచేయు ఆ గోలీని, బయటికి పోవలసిన దినములందు ఆమె మానుచుండెను. ఒక పెండ్లికై మూడు దినములు మానినంతనే, వెల్లకిల పండుకొనలేక, దిండ్లకు చేరగిలి, ఊపిరికై తెల్లవారువరకు కొట్టుకొనెను. వైద్యుడు కోపింపక అడిగెను: "బయటికి పోయిననాడు గోలీ ఎందుకు ఏసుకుంటలేవమ్మా?" ఆమె తలవంచి, "మూత్రానికి ఏడ పోవాలె బిడ్డా, నాంపల్లిల?" అనెను. నగరమునందు స్త్రీకి శుభ్రమైన మరుగుదొడ్డి దొరకకపోవుట గుండెజబ్బును ముదిరించునని ఆనాడు నాకు తెలిసినది. "ఇంటికొచ్చినంక రెండు గంటలకేసుకో, మానకు" అని ఆయన వేళ మార్చెను; మందు మార్చలేదు.

అయితే ప్రతి వాపునకును ఇదియే ఔషధము కాదు. రక్తపోటుకిచ్చు ఆమ్లోడిపిన్ వలన వాచిన కాళ్ళకు నీళ్ళగోలీ అంతగా పనిచేయదు. కీళ్ళనొప్పుల మాత్రలు ఉప్పును పట్టియుంచినను, ఆవకాయ, అప్పడములు ఉప్పును పెంచినను గోలీ శ్రమ వ్యర్థము. లాసిక్సు పొటాషియమును పోగొట్టును, స్పైరనోలాక్టోను అను మఱొక నీళ్ళగోలీ దానిని నిలుపును. కావున పొటాషియము మెండుగానున్న కొబ్బరినీళ్ళు ఒకరికి మేలు, మఱొకరికి ముప్పు. వాంతులు, విరేచనములు పట్టుకొన్నపుడును, మండువేసవిలో తల తిరిగినపుడును వైద్యుని అడుగవలయును. రెండు మూడు దినములలో బరువు రెండు కిలోలు పెరిగినను అంతే.

ఇపుడు పెద్దమ్మ ప్రొద్దుననే తూకము చూచుకొని క్యాలెండరుపై వ్రాయును. ఆదివారము ఆబిడ్సు కాలిబాట పుస్తకములు చూడ నాతో వచ్చును. గోలీ బిందె ప్రక్కన, మధ్యాహ్నము కొఱకు, మూతపెట్టియుండును.