గీటురాయికీ పరీక్ష

కంసాలి బంగారాన్ని గీటురాయి మీద గీసి, ఆ గీతను చూసి దాని మేలిమిని చెబుతాడు. ఆ రాయి బంగారానికీ ఇత్తడికీ ఒకేలాంటి గీతను చూపితే ఏమవుతుంది? ఎంతటి నేర్పరి అయినా మోసపోక తప్పదు. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో వాడే ప్రతిరక్షకం కూడా ఇటువంటి గీటురాయే.

రోగక్రిములు ప్రవేశించినప్పుడు వాటిని గుర్తించి పట్టుకోవడానికి శరీరం తయారుచేసుకొనే ప్రొటీన్లే ప్రతిరక్షకాలు. ఒక్కొక్క ప్రతిరక్షకం తనకు సరిపోయే పదార్థానికే అంటుకొంటుంది. ఈ గుణమే పరిశోధనకు ఉపకరిస్తున్నది.

ఈస్ట్రోజెన్ ఒక హార్మోన్. అది రక్తంతోపాటు శరీరమంతటా తిరిగినా, గర్భాశయం, స్తనం వంటి అవయవాల మీద దాని ప్రభావం ఎక్కువ. ఇందుకు కారణాన్ని 1950ల చివర అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో ఎల్వుడ్ జెన్సన్ కనుగొన్నారు. ఆ అవయవాల కణాలలో ఈస్ట్రోజెన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్ ఒకటి ఉంది. దానినే ఈస్ట్రోజెన్ గ్రాహకం అంటారు. తాళంలో తాళంచెవి వలె గ్రాహకంలో హార్మోన్ అమరుతుంది.

స్తన కాన్సర్ కణితులు కొన్నింటిలో ఈ గ్రాహకం ఉంటుంది; కొన్నింటిలో ఉండదు. ఉంటే, ఈస్ట్రోజెన్ పనిని అడ్డుకొనే టామోక్సిఫెన్ వంటి మందులు పనిచేసే అవకాశం ఉంది. లేకపోతే వేరే చికిత్స కావాలి. కాబట్టి గ్రాహకం ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడం రోగి ప్రాణానికి సంబంధించిన విషయం.

ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎంతైనా తయారుచేసే పద్ధతిని 1975లో కోలర్, మిల్‌స్టైన్ కనుగొన్నారు. ఆ పద్ధతిలోనే 1980లో జెఫ్రీ గ్రీన్, జెన్సన్, వారి సహచరులు మానవ ఈస్ట్రోజెన్ గ్రాహకానికి ప్రతిరక్షకాలను తయారుచేశారు. కణితి నుంచి పలుచని పొరను కోసి గాజుపలక మీద పరచి, దానిపై ప్రతిరక్షకాన్ని వేస్తారు. అంటుకోనిదాన్ని కడిగివేసి, అంటుకొన్న చోట రంగు వచ్చేటట్లు చేస్తారు. సూక్ష్మదర్శినిలో చూస్తే, గ్రాహకమున్న కణాల కేంద్రకాలు రంగుతో కనిపిస్తాయి.

1996లో ఈస్ట్రోజెన్‌కు రెండవ గ్రాహకం కూడా ఉన్నదని వెల్లడయింది. దానికి బీటా అని పేరు పెట్టారు. దానిని గుర్తించడానికి అనేక ప్రతిరక్షకాలు అమ్మకానికి వచ్చాయి. 2017లో స్వీడన్ శాస్త్రజ్ఞులు అటువంటి 13 ప్రతిరక్షకాలను పరీక్షించారు. బీటా గ్రాహకం తప్పక ఉన్న కణాలపైనా, లేని కణాలపైనా వాటిని వేసి చూశారు. వాటిలో ఒక్కటి మాత్రమే నమ్మదగినదని తేలింది. తక్కినవాటిలో కొన్ని అసలు గ్రాహకాన్ని గుర్తించలేదు. కొన్ని వేరే ప్రొటీన్లకు అంటుకొన్నాయి. దానితో, స్తనంలో బీటా గ్రాహకం ఉన్నదని అంతకుముందు ప్రకటించిన అనేక ఫలితాలు సందేహాస్పదమయ్యాయి.

రంగు కనిపించినంత మాత్రాన గ్రాహకం ఉన్నట్లు కాదు. ఉన్నచోట ఉన్నదనీ, లేనిచోట లేదనీ చెప్పగలదే నిజమైన గీటురాయి. బంగారాన్ని పరీక్షించే ముందు గీటురాయిని పరీక్షించుకోవడం శాస్త్రజ్ఞుని మొదటి బాధ్యత.