దెబ్బతిన్న ఇంటిని బాగుచేసి అమ్మాలా, ఉన్నది ఉన్నట్టుగా అమ్మాలా? అమెరికా ఫ్యాక్టరీ ఇళ్ల లెక్క వేరు

తుపానుకు పైకప్పు లేచిపోయిన ఇల్లు, నీరు చేరి నేల మెత్తబడిన ఇల్లు, ఏళ్ల తరబడి పట్టించుకోక ఒక పక్కకు ఒరిగిన ఇల్లు... ఇలాంటి వాటిని అమ్మదలచినవారికి ఎక్కడైనా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ముందు మరమ్మతు చేయించాలా, లేక ధర తగ్గించి అమ్మేయాలా? అమెరికాలోని ‘మాన్యుఫ్యాక్చర్డ్ హోమ్’ల విషయంలో ఈ ప్రశ్నకు జవాబు మామూలు ఇళ్లకు చెప్పినట్టు చెప్పడం కుదరదు. ఆ దేశంలో 2 కోట్ల మందికి పైగా ఇలాంటి ఇళ్లలో నివసిస్తున్నారు. వారిలో తక్కువ ఆదాయం గలవారు, పదవీ విరమణ చేసినవారు ఎక్కువ. చాలామందికి ఆ ఇల్లే ఏకైక ఆస్తి. నిర్ణయం తప్పితే చేతిలో ఉన్న కాస్త సొమ్ము కూడా మరమ్మతులకే ఖర్చయిపోతుంది.

ఏమిటీ ఇళ్లు?

ఇవి పూర్తిగా ఫ్యాక్టరీలోనే తయారై, ఉక్కు చట్రం మీద స్థలానికి చేరే ఇళ్లు. వీటి నిర్మాణానికి అమెరికా గృహనిర్మాణ శాఖ ‘హడ్’ రూపొందించిన జాతీయ ప్రమాణాలు 1976 జూన్ 15న అమలులోకి వచ్చాయి. ఆ తేదీకి ముందు తయారైనవాటిని ‘మొబైల్ హోమ్’లని, ఆ తరువాతివాటిని ‘మాన్యుఫ్యాక్చర్డ్ హోమ్’లని వ్యవహరించడం పరిపాటి. వాడుకలో ఈ రెండు పేర్లూ కలగాపులగమైనా, అమ్మకం వేళ ఆ తేదీ కీలకమవుతుంది. ప్రభుత్వ హామీతో ఇచ్చే ఎఫ్‌హెచ్‌ఏ గృహరుణాలు అంతకుముందు తయారైన ఇళ్లకు వర్తించవు. రుణం దొరకని ఇంటిని నగదు చేతిలో ఉన్నవారే కొనగలరు. అలాంటి ఇంటికి ఎంత ఖర్చుపెట్టి మరమ్మతు చేయించినా కొనేవారి సంఖ్య పెద్దగా పెరగదు.

ప్రమాణాల ప్రకారం తయారైన ఇంటి ప్రతి భాగానికీ వెలుపల ఎర్రని లోహపు పట్టీ ఉంటుంది. లోపల, సాధారణంగా వంటింటి అల్మారాలోనో విద్యుత్ ప్యానెల్ దగ్గరో, వివరాల పత్రం అతికించి ఉంటుంది. గోడల మరమ్మతులో ఎర్ర పట్టీని ఊడదీసి పారేస్తే హడ్ మళ్లీ కొత్తది ఇవ్వదు. ధ్రువీకరణ లేఖ మాత్రమే తెచ్చుకోవలసి ఉంటుంది. కనుక పని మొదలుపెట్టే ముందే వీటిని ఫొటో తీసి భద్రపరచడం అవసరం.

నేల ఎవరిది?

మన నగరాల్లో అపార్ట్‌మెంట్ ఎంత పాతబడినా దాని కింది స్థలంలో అవిభాజ్య వాటా ఉంటుంది. ఇల్లు తరిగినా నేల ధర పెరుగుతుంది. అమెరికాలో అద్దె స్థలంలో నిలిపిన ఫ్యాక్టరీ ఇంటికి ఆ ఆసరా లేదు. ఇల్లు ఒకరిది, స్థలం మరొకరిది. చాలా రాష్ట్రాల్లో అలాంటి ఇంటిని స్థిరాస్తిగా కాక, వాహనం మాదిరిగా యాజమాన్య పత్రం గల చరాస్తిగా పరిగణిస్తారు. దానికి దొరికే రుణంపై వడ్డీ కూడా సాధారణ గృహరుణం కన్నా ఎక్కువ.

సొంత స్థలంలో శాశ్వత పునాదిపై నిలిపిన ఇల్లయితే మరమ్మతు ఖర్చు ధరలో తిరిగి వచ్చే అవకాశం మెరుగు. అద్దె స్థలంలోనిదైతే ముందుగా స్థల యజమానిని అడగవలసిన ప్రశ్నలు రెండు: ఈ ఇంటిని ఇక్కడే ఉంచి మరొకరికి అమ్మవచ్చా? కొనేవారికి మీ ఆమోదం కావాలా? తరలించక తప్పదంటే వేల డాలర్ల ఖర్చు. పైగా పాత ఇళ్లను చేర్చుకోని ప్రాంగణాలు అనేకం.

లెక్క ఎలా వేయాలి?

ఉదాహరణకు ఒక ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా 30,000 డాలర్లు, బాగుచేస్తే 42,000 డాలర్లు పలుకుతుందనుకుందాం. మరమ్మతుకు 9,000 డాలర్లు అవుతుంది. పైకి చూస్తే 3,000 డాలర్ల లాభం. కానీ పని పూర్తయి ఇల్లు అమ్ముడుపోయేసరికి మూడు నెలలు పడితే, నెలకు 600 డాలర్ల చొప్పున స్థలం అద్దె 1,800 డాలర్లు. మిగిలేది 1,200 డాలర్లు. నేల పలక తీశాక కింద మరో 3,000 డాలర్ల పని బయటపడితే 1,800 డాలర్ల నష్టం.

ఈ చివరి అనుమానం ఊహాజనితం కాదు. పాత ఫ్యాక్టరీ ఇళ్లలో నేలకు వాడిన చెక్కపొట్టు పలకలు తడిస్తే ఉబ్బి, పిండిలా రాలిపోతాయి. స్నానాల గది దగ్గర నేల మెత్తగా తగిలితే నష్టం అక్కడికే పరిమితం కాకపోవచ్చు. అందుకే ఇంటి అడుగుభాగంలోకి దూరి చట్రాన్ని, గొట్టాలను, ఇంటిని నేలకు బిగించే పట్టీలను పరిశీలించగల నిపుణుడికి ముందుగా చూపించాలి. తలుపులు, కిటికీలు, స్నానపు తొట్టెల కొలతలు కూడా మామూలు ఇళ్లకన్నా భిన్నంగా ఉండవచ్చు.

సాధారణంగా నీటి కారుడును ఆపడం, ఒరిగిన ఇంటిని సమతలానికి తేవడం, విద్యుత్ ప్రమాదాలను తొలగించడం ఫలితమిచ్చే పనులు. కారే కప్పు కింద వేసిన కొత్త రంగు, కొత్త తివాచీ వృథా.

వరద ప్రాంతమైతే

జాతీయ వరద బీమా కార్యక్రమంలో చేరిన ఊళ్లలో, ముంపు ప్రాంతంలోని ఇంటి మరమ్మతు ఖర్చు నష్టానికి ముందున్న మార్కెట్ విలువలో 50 శాతం గానీ అంతకుమించి గానీ ఉంటే, ఆ ఇంటిని ప్రస్తుత నిబంధనలకు అనుగుణంగా మార్చాలి. అంటే ఎత్తు పెంచవలసి రావచ్చు. ఇంటి విలువే తక్కువ కనుక ఫ్యాక్టరీ ఇళ్లు ఈ పరిమితిని త్వరగా దాటేస్తాయి. సామగ్రి కొనే ముందే స్థానిక భవన అనుమతుల కార్యాలయంలో విచారించాలి.

బీమా పత్రాన్నీ చదవాలి. తరుగుదల తీసివేసి చెల్లించే పాలసీ అయితే వచ్చేది తక్కువే. పూర్తి పునరుద్ధరణ ఖర్చు ఇచ్చే పాలసీల్లో చాలావరకు కొంత సొమ్మును మరమ్మతు పూర్తయ్యాకే విడుదల చేస్తారు. బాగుచేయకుండా అమ్మితే ఆ భాగం చేజారవచ్చు.

దాచడం పరిష్కారం కాదు

‘ఉన్నది ఉన్నట్టుగా’ అని రాసుకున్నంత మాత్రాన తెలిసిన లోపాలను దాచే హక్కు రాదు. వెల్లడి నిబంధనలు రాష్ట్రానికో తీరుగా ఉన్నా, మరకపై రంగు పూసి అమ్మినవారు తరువాత దావాను ఎదుర్కోవలసి రావచ్చు. భారతదేశంలోనూ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ స్థిరాస్తి విషయంలో ఇదే ధోరణిలో ఉంది: కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్య లోపాలు తెలిసి ఉంటే అమ్మేవారు చెప్పి తీరాలి.

ఇల్లు తయారైన తేదీ, స్థలం హక్కు, అడుగుభాగం స్థితి, స్థానిక నిబంధనలు, బీమా: ఈ ఐదూ తేలాక రెండు మూడు చోట్ల రాతపూర్వకంగా మరమ్మతు అంచనాలు తీసుకోవాలి. వాటిని ఉన్నది ఉన్నట్టుగా వచ్చే ధరతో పోల్చాలి. తేడా స్వల్పమైతే అంచనా కాగితాలను కొనేవారి ముందుంచి, ధర తగ్గించి అమ్మడమే క్షేమం.