ఉద్యోగ నియామకంలో పూర్వచరిత్ర విచారణ

లక్ష్యాలు
ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ఎంపికైన అభ్యర్థి పూర్వచరిత్రను ఎలా విచారిస్తారో వివరించగలుగుతారు.
• కేసు ఉండటానికీ, దాన్ని దాచడానికీ గల తేడాను గుర్తించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం
రాతపరీక్షలో, ఇంటర్వ్యూలో నెగ్గినంత మాత్రాన ప్రభుత్వోద్యోగం ఖాయమైనట్లు కాదు. అభ్యర్థి నడవడిక, పూర్వచరిత్ర సంతృప్తికరమని తేలాలి. ‘చిన్న కేసే కదా, రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?’ అని కొందరు అనుకుంటారు. చేతికందిన ఉద్యోగం పోవడానికి కేసుకన్నా ఈ ఆలోచనే ఎక్కువసార్లు దారితీయవచ్చు. ఎందుకో చూద్దాం.

2. విచారణ విధానం
ఎంపికైన అభ్యర్థి చేత అటెస్టేషన్ ఫారం నింపిస్తారు. కేంద్ర ప్రభుత్వ ఫారంలో గత 5 సంవత్సరాలలో ఏడాదికి మించి నివసించిన చోట్లన్నీ రాయాలి. ఎప్పుడైనా అరెస్టు అయ్యారా, బైండోవర్ చేశారా, జరిమానా గాని శిక్ష గాని పడిందా, ఇప్పుడు కోర్టులో కేసు నడుస్తున్నదా అని విడివిడిగా అడుగుతారు. ఈ వివరాలు జిల్లా పోలీసులకు చేరుతాయి. సాధారణంగా స్పెషల్ బ్రాంచి సిబ్బంది స్టేషను రికార్డులు చూసి, ఇరుగుపొరుగును అడిగి నివేదిక ఇస్తారు. పోలీసులు ఇచ్చేది సమాచారమే, నిర్ణయం నియామకాధికారిది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఊళ్లో జరిగిన కొట్లాటలో ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. తరవాత రాజీ కుదిరి కేసు ముగిసింది. ‘ఎప్పుడైనా అరెస్టు అయ్యారా?’ అన్న ప్రశ్నకు అతడు ‘లేదు’ అని రాస్తే అది తప్పుడు సమాధానమే. కేసు ముగిసినా అరెస్టు జరగలేదని అర్థం కాదు.

3. సుప్రీంకోర్టు సూత్రాలు
అవతార్ సింగ్ కేసులో 2016లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయంపై మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో ముఖ్యమైనవి:
• అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి.
• చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయాన్ని దాచినా, అధికారి తన విచక్షణతో దాన్ని ఉపేక్షించవచ్చు.
• స్వల్పం కాని నేరంలో శిక్షపడిన సంగతి దాస్తే నియామకాన్ని రద్దు చేయవచ్చు.
• నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. పూర్వచరిత్రను పరిశీలించే హక్కు యజమానికి ఉంటుంది.
• ఫారంలో ప్రశ్న స్పష్టంగా ఉండాలి. అడగని విషయం చెప్పలేదని అభ్యర్థిని తప్పుపట్టరాదు.
• ఉద్యోగంలో స్థిరపడిన తరవాత ఈ కారణంతో తొలగించాలంటే శాఖాపరమైన విచారణ జరపాలి.

అంటే ఒకే కొలబద్ద అందరికీ వర్తించదు. నేర తీవ్రత, ఉద్యోగ స్వభావం రెండూ చూడాలి. పోలీసు ఉద్యోగానికి పెట్టే ప్రమాణం సహజంగానే కఠినంగా ఉంటుంది.

4. బాల్యంలోని కేసులు
బాల నేరస్థులకు చట్టం మరో అవకాశం ఇచ్చింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం కింద విచారణ జరిగిన బాలుడికి నేర నిర్ధారణ వల్ల కలిగే అనర్హత వర్తించదు. అయితే 16 ఏళ్లు నిండి, ఘోరమైన నేరంలో పెద్దవారితో సమానంగా విచారణకు గురైన వారికి ఈ రక్షణ లేదు.

5. విదేశీ ఉద్యోగాలు
గల్ఫ్ వంటి చోట్లకు ఉద్యోగానికి వెళ్లేవారిని పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడగవచ్చు. దానికి పాస్‌పోర్ట్ కార్యాలయం ద్వారా దరఖాస్తు చేయాలి.

సారాంశం
ఫారంలోని ప్రతి ప్రశ్ననూ రెండుసార్లు చదవండి. అడిగినదానికి అడిగినంత మేరకు నిజం రాయండి. ముగిసిన కేసు ఉంటే తీర్పు లేదా లోక్ అదాలత్ అవార్డు నకలు తీసి భద్రపరచుకోండి. పాత కేసు గురించి అధికారికి వివరణ ఇచ్చుకునే వీలుంటుంది. అబద్ధానికి సంజాయిషీ చెప్పుకోవడం కష్టం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. నిర్దోషిగా విడుదలైన వ్యక్తి తన అరెస్టు సంగతి ఎందుకు రాయాలి?
2. ఫారంలో ప్రశ్న అస్పష్టంగా ఉంటే అభ్యర్థికి గల రక్షణ ఏమిటి?