ఎస్‌.ఎం.పి.ఎస్‌. ఎందుకు మొదలవదు?

సంక్రాంతికి వచ్చినప్పుడు మన హాస్టల్ టీవీ చెడిపోయి ఉంది. స్విచ్ వేస్తే "టిక్... టిక్..." అనడమే. మెకానిక్ బోర్డు మొత్తం మార్చాలన్నాడట. "ఎమ్మెస్సీ ఎలక్ట్రానిక్స్ కదా, నువ్వు చూడు" అన్నారు వార్డెన్ సార్. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనొక్కడినే. భయమేసింది.

తమ్ముళ్ళూ, 230 వోల్టుల ఏసీ బ్రిడ్జి డయోడ్లు దాటాక సుమారు 325 వోల్టుల డీసీ అవుతుంది. దాని నుంచి స్టార్టింగ్ రెసిస్టర్ ద్వారా కొద్దిపాటి కరెంటు వచ్చి ఒక చిన్న కెపాసిటర్‌ను నింపుతుంది. అది 16 వోల్టులకు చేరగానే యూసీ 3842 ఐసీ పని మొదలుపెడుతుంది. ఇక ఐసీని పోషించాల్సింది ట్రాన్స్‌ఫార్మర్‌లోని సహాయక వైండింగ్. అది అందుకునేలోపు వోల్టేజి 10కి పడిపోతే ఐసీ ఆగి, మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఆ "టిక్ టిక్" అదే.

అసలు శబ్దమే లేకపోతే ఫ్యూజు, 325 వోల్టులు, స్టార్టింగ్ రెసిస్టర్ వరుసగా చూడాలి. టిక్‌మంటుంటే ఆ కెపాసిటర్, సహాయక వైండింగ్ డయోడు, అవుట్‌పుట్ వైపు షార్టయిన డయోడు చూడాలి.

జాగ్రత్త! ప్లగ్గు తీసినా పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులు నిలిచి ఉండవచ్చు. రెసిస్టర్‌తో డిశ్చార్జి చేసి, మీటరుతో సరిచూసుకున్నాకే చెయ్యి పెట్టండి. రిపేరయ్యాక మొదటిసారి 60 వాట్ల బల్బును సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి.

మన టీవీలో ఎండిపోయింది 47 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒక్కటే. కొత్తది పది రూపాయల లోపే. ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. "అయితే చదువు చేతికొచ్చిందిరా" అన్నాడు.