మెరిసే కత్తెర శుభ్రమైనదేనా?

మన ఇంటివారు ఆసుపత్రిలో చేరినప్పుడు డాక్టరుగారి హస్తవాసిని గురించి నలుగురిని అడుగుతాము. మందుల ఖరీదు అడుగుతాము. గాని గాయమునకు కుట్లు వేసే ఆ సూది, ఆ కత్తెర ఏ విధముగా శుద్ధి చేయబడినవని అడగము. పైగా నర్సమ్మ, "పనిముట్లు ఇంకా ఆటోక్లేవులో ఉన్నవి, కొంచెము ఆగండి" అంటే విసుగుకొంటాము. మేమును అట్లు విసుగుకొన్నవారమే. ఆ ఆలస్యములో ఎంత మేలున్నదో తెలిసికొన్న తరువాత ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఒకప్పుడు ఆపరేషను బాగుగా జరిగినను, తరువాత చీము పట్టి అనేకులు చనిపోయేవారు. 1865 ఆగస్టులో స్కాట్లాండు దేశములోని గ్లాస్గో నగర ఆసుపత్రికి 11 ఏండ్ల బాలుని తీసికొని వచ్చిరి. బండి చక్రము ఎక్కి కాలి ఎముక విరిగినది, చర్మము చీలినది. ఆ రోజులలో అటువంటి గాయము చీము పట్టకుండ మానుట అరుదు; తరచుగా కాలే తీసివేసేవారు. జోసెఫ్ లిస్టర్ అను శస్త్రవైద్యుడు కార్బాలిక్ ఆమ్లములో తడిపిన గుడ్డతో ఆ గాయమును కప్పించెను. సుమారు ఆరు వారములలో ఎముక అతుకుకొన్నది, కాలు నిలిచినది. కుళ్లుటకు కారణము కంటికి కనబడని సూక్ష్మజీవులేనని లూయీ పాశ్చర్ చెప్పినదానిని చదివియే లిస్టర్ ఈ పని చేసెను. తరువాత చేతులను, పనిముట్లను కూడ ఆ ద్రావకముతో శుద్ధి చేయుట మొదలుపెట్టెను.

"నీళ్లలో మరిగిస్తే చాలదా?" అని మీరు అడుగవచ్చు. మరిగే నీరు చాలా క్రిములను చంపును. గాని ధనుర్వాతము కలిగించే క్రిమి, గట్టి పెంకు గల విత్తనము వంటి రూపము దాల్చి, మరిగే నీటికి కూడ తట్టుకొనగలదు. ఇటువంటి మొండి క్రిములను చంపుటకే ఆటోక్లేవు. దీనిని 1879లో పాశ్చర్ సహచరుడైన చార్లెస్ షాంబెర్లాండ్ తయారుచేసెను. అది మన ప్రెషర్ కుక్కరు వంటిదే. మామూలుగా నీరు 100 డిగ్రీల వద్ద మరుగును. మూత బిగించి ఒత్తిడి పెంచితే ఆవిరి 121 డిగ్రీలకు చేరును. ఆ వేడిలో విడి పనిముట్లను 20 నిమిషములు, గుడ్డలో చుట్టినవాటిని 30 నిమిషములు ఉంచవలెను.

అయితే ముందుగా కడగవలెను. గిన్నెకు మాడు పట్టినట్లు కత్తెర కీలులో నెత్తురు ఎండి పట్టియుండును. దాని చాటున క్రిములు దాగును. మందు నీళ్లు గాని ఆవిరి గాని వాటిని సరిగా తాకవు. కావున పని కాగానే, నెత్తురు ఎండకముందే, కీలు తెరచి సబ్బు నీటిలో బ్రష్షుతో రుద్దవలెను.

అన్ని వస్తువులకు ఒకే పద్ధతి కాదు. శరీరములోనికి దిగే కత్తి, సూది, కత్తెరలలో ఒక్క క్రిమి కూడ మిగలరాదు. కడుపులోనికి చూచే ఎండోస్కోపు గొట్టము అంత వేడికి పాడైపోవును గనుక, దానిని బాగుగా కడిగి గ్లూటరాల్డిహైడు వంటి ఘాటైన మందులో నిర్ణీత సమయము ముంచుతారు. చర్మమును మాత్రమే తాకే స్టెతస్కోపును స్పిరిట్టుతో తుడిస్తే చాలును.

మరి మనమేమి చేయగలము? పనిముట్ల కట్టపై అంటించిన టేపును చూడండి. ఆవిరి వేడి తగిలితే దానిపై నల్లని చారలు కనబడును. వేడి తగిలినదని అది చెప్పునే గాని, క్రిములన్నియు చచ్చినవని హామీ ఇయ్యదు. కట్ట తడిసినను, చిరిగినను వాడరాదు. ఇంజక్షను ఇచ్చేటప్పుడు మన కళ్లయెదుటనే కొత్త ప్యాకెట్టు విప్పమనండి. గాజు సిరంజిని మరిగించి పదిమందికి పొడిచే కాలము కాదిది. ఊరిలోని ఆర్.ఎం.పి. డాక్టరుగారి దగ్గరైనను మొగమాటపడకండి. ఒకరి సూది మరొకరికి వాడినందున హెపటైటిస్-బి కామెర్లు, ఎయిడ్స్ వంటి వ్యాధులు అంటుకొనగలవు.

బొడ్డు కోసే బ్లేడు శుభ్రముగా లేక మన పల్లెలలో ఒకప్పుడు ఎందరో పసికందులు ధనుర్వాతముతో చనిపోయిరి. టీకాల వలన, శుభ్రమైన కాన్పుల వలన ఆ పరిస్థితి మారినది. తల్లులకు, పసికందులకు వచ్చే ధనుర్వాతము మన దేశములో అదుపులోనికి వచ్చినదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించినది. శుభ్రమైన ఒక చిన్న బ్లేడు విలువ అంతటిది.

ఇంటికి వెళ్లునప్పుడు డాక్టరుగారికి దండము పెడతాము. ఆసుపత్రి వెనుక గదిలో, ఆవిరి ఉక్కపోతలో, కత్తెరలు రుద్దే ఆయమ్మ ముఖము మాత్రము మనకు తెలియదు. వీలైతే ఆమెతో కూడ ఒక మంచి మాట చెప్పి వెళ్లుదము. ఈసారి నర్సమ్మ "ఇంకా ఇరవై నిమిషములు" అన్నప్పుడు తొందరపెట్టక వరండాలో నిదానముగా కూర్చుందము. ఆ ఇరవై నిమిషములు మన బిడ్డ కొరకే.