బండి కొనాలా, కిరాయికి పెట్టుకోవాలా? ముందు ట్రిప్పులు లెక్కపెట్టండి

పై వీడియోలో మా మినుము చేను చూపిస్తూ మధ్యలో పికప్ బండి గురించి రెండు ముక్కలు చెప్పాను. మినుము సంగతి పక్కన పెట్టి అందరూ ఆ రెండు ముక్కల గురించే ఫోన్లు చేశారు. "ఇన్ని బస్తాలు విజయవాడ పంపిస్తున్నావు, సొంత బండి ఎందుకు కొనలేదు?" అని. 2025 సెప్టెంబర్ 22 నుంచి గూడ్స్ బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కదా, అప్పటి నుంచి ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. వీడియోలో లెక్క మొత్తం చెప్పడానికి కుదరలేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాది పెదపారుపూడి. ఆరెకరాలు చేస్తున్నాం, అందులో రెండెకరాలు కౌలు. సార్వాలో బహురూపి, నవర లాంటి దేశీ వరి, ఆ తర్వాత మినుము, పెసర. గట్ల మీద కూరగాయలు. ధాన్యం ఆడించి బియ్యం, పప్పులు విజయవాడలో ఇళ్ళకి నేరుగా ఇస్తాం. అంటే పండించడం ఒక ఎత్తు, దాన్ని చేర్చడం ఇంకో ఎత్తు.

2023లో నేనూ బండి కొనేద్దామనే అనుకున్నాను. షోరూమ్‌కి మూడుసార్లు వెళ్ళాను. మా నాన్న ఒక్క మాటే అడిగారు. "ఏరా, ఏడాదిలో ఎన్ని రోజులు లోడు ఉంటది నీకు?" నా దగ్గర సమాధానం లేదు. అక్కడ ఆగాను.

కౌలు లెక్క మనకి తెలిసిందే

బండి లీజు అంటే కొత్త విషయం అనుకోకండి. అది బండికి కౌలు. చేను కొంటే మొత్తం డబ్బు పెట్టాలి, కౌలుకి తీసుకుంటే ఏడాదికి ఇన్ని బస్తాలని ఇస్తాం, చేను మనది కాదు. బండి కూడా అంతే. కాకపోతే ఒక్క తేడా ఉంది, అదే అసలు తేడా. కొన్న చేను ధర సాధారణంగా పెరుగుతుంది. కొన్న బండి ధర షోరూమ్ గేటు దాటినప్పటి నుంచి తరుగుతూనే ఉంటుంది. "కిరాయి కట్టే డబ్బులతో బండే వచ్చేది కదా" అనేవాళ్ళు ఈ తరుగుని లెక్కలో వెయ్యరు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఇవి నేను వేసుకున్న అంకెలు, మీరు మీ అంకెలు పెట్టుకోండి.

బండి అన్ని ఖర్చులతో రోడ్డు మీదకి వచ్చేసరికి 10 లక్షలు. చేతి నుంచి 2 లక్షలు, లోను 8 లక్షలు. 11 శాతం వడ్డీ, ఐదేళ్ళు. నెల వాయిదా 17,394 రూపాయలు. ఐదేళ్ళలో వడ్డీయే సుమారు 2 లక్షల 44 వేలు. ఐదేళ్ళ తర్వాత అమ్మితే నాలుగున్నర లక్షలు వస్తుందనుకుందాం. అప్పుడు మనకి నిజంగా పోయింది 7 లక్షల 94 వేలు, అంటే ఏడాదికి 1 లక్షా 59 వేలు. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, టైర్లు, సర్వీసింగ్ కలిపి ఏడాదికి 80 వేలు. మొత్తం 2 లక్షల 39 వేలు. బండి షెడ్డులో నిలబడి ఉన్నా పోయే డబ్బు ఇది.

ఇప్పుడు ట్రిప్పు ఖర్చు. విజయవాడ వెళ్ళి ఇళ్ళన్నీ తిరిగి వచ్చేసరికి వంద కిలోమీటర్లు. డీజిల్ 750, డ్రైవర్‌కి 650, మొత్తం 1,400. మనమే నడిపినా ఆ 650 వెయ్యాలి. ఆ రోజు చేలో మన పని ఇంకొకళ్ళు చెయ్యాలి కాబట్టి. అదే ట్రిప్పు కిరాయి బండికి అయితే డ్రైవర్, డీజిల్ అన్నీ కలిపి 2,800.

అంటే సొంత బండి ఉంటే ట్రిప్పుకి 1,400 మిగులుతుంది. 2 లక్షల 39 వేలని 1,400తో భాగిస్తే 171. ఏడాదికి 171 ట్రిప్పులు దాటితే సొంత బండి లాభం, అంతకు తక్కువైతే కిరాయి లాభం. నెలకి పద్నాలుగు పైనే అన్నమాట.

నాన్న అడిగిన తర్వాత ఏడాది పాటు నోటుబుక్కులో రాశాను. వచ్చింది 104. జనవరిలో కొత్త బియ్యం, పండగ, అన్నీ కలిసి 16. జూన్‌లో 4. కిరాయికి అయిన ఖర్చు 2 లక్షల 91 వేలు. సొంత బండి అయితే 3 లక్షల 84 వేలు అయ్యేది. తేడా 93 వేలు.

ఇంకోటి, మనకి డబ్బు నెల నెలా రాదు. ధాన్యం అమ్మినప్పుడు ఒకసారి, మినుము అమ్మినప్పుడు ఒకసారి వస్తుంది. వాయిదా మాత్రం నెల నెలా వస్తుంది. నాలుగు ట్రిప్పుల జూన్‌లో కూడా 17,394 కట్టాలి. ఆ నెలలోనే కదా మనకి విత్తనానికి, దుక్కికి డబ్బు కావాలి.

లెక్కలో కనపడని రెండు విషయాలు

ఇంతవరకే అయితే "కిరాయే మేలు" అని ముగించేసేవాడిని. కానీ కిరాయి బండితో రెండు దెబ్బలు తిన్నాను.

మొదటిది 2023 డిసెంబర్. మిగ్‌జాం తుఫాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. మా కోత 2వ తేదీన అయింది. 48 బస్తాల బహురూపి కల్లంలో ఉంది. 3వ తేదీ సాయంత్రం మబ్బు పట్టాక బండి కోసం ఏడుగురికి ఫోన్ చేశాను. ఎవరూ ఖాళీగా లేరు. వాళ్ళని తప్పు పట్టలేం, ఆ రోజు ఊళ్ళో అందరికీ బండే కావాలి. చివరికి మా పక్క చేను బాబాయి తన ధాన్యం చేర్చుకుని రాత్రి పదకొండున్నరకి ట్రాక్టర్ తెచ్చాడు. ముప్పై బస్తాలు చేర్చాం. మిగతా పద్దెనిమిది మీద బరకాలు కప్పాం గానీ అడుగు నుంచి నీళ్ళు ఎక్కాయి, మొలకలు వచ్చేశాయి. అందులో మా విత్తనం బస్తాలు ఉన్నాయి. నాలుగేళ్ళుగా మేమే కట్టుకుంటున్న విత్తనం అది. ఆ నష్టం డబ్బులో చూస్తే యాభై వేలు దాటదు. కానీ విత్తనం మళ్ళీ ఇంకొకరి దగ్గర చెయ్యి చాచి తెచ్చుకోవాల్సి వచ్చింది.

రెండోది 2024. మన చుట్టుపక్కల సంగతి తెలుసు కదా, గుడివాడ దాటి ముదినేపల్లి, కైకలూరు వైపు వెళ్తే అన్నీ చేపల చెరువులే. కిరాయి బండ్లు ఉదయం మేత బస్తాలు వేస్తాయి, సాయంత్రం మన బియ్యం వేస్తాయి. నేను ట్రక్కు అడుగు చూడకుండా లోడు చేయించాను. మర్నాడు ఒకావిడ ఫోన్ చేసి "బాబూ, బియ్యం చేప వాసన వస్తున్నాయి" అన్నారు. బస్తాలన్నీ వెనక్కి తెచ్చుకున్నాను. రెండు ఇళ్ళు మళ్ళీ ఆర్డర్ ఇవ్వలేదు. మందు కొట్టకుండా నాలుగు నెలలు పండించి, చివరి వంద కిలోమీటర్లలో పేరు పోగొట్టుకున్నాను. సర్టిఫికేషన్ ఉన్నవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. రవాణాలో కూడా రసాయనాలు, మామూలు సరుకు అంటకుండా చూసుకోవాల్సింది మనమే.

నేను చేసిన ఏర్పాటు

రెండింటికీ మందు బండి కొనడమే అనిపిస్తుంది. కానీ నాకు కావాల్సింది బండి కాదు, అవసరమైన రోజున శుభ్రంగా ఉన్న బండి. అందుకని 2025 జనవరి నుంచి మా దగ్గర్లో పికప్ ఉన్న ఒకాయనతో ఏడాది ఒప్పందం రాసుకున్నాను. షరతులు ఇవి.

నెలకి ఆరు ట్రిప్పులు గ్యారంటీ. అంతకు తగ్గితే తగ్గిన ప్రతి ట్రిప్పుకీ సగం కిరాయి ఇస్తాను. ఆ గ్యారంటీకి ఆయన 2,800ని 2,600 చేశారు.

వాతావరణ శాఖ తుఫాను హెచ్చరిక ఇస్తే మొదటి లోడు నాది.

నా లోడుకి ముందు ట్రక్కు కడగాలి. కింద పరిచే బరకం నాది, నా దగ్గరే ఉంటుంది. ఎరువు, పురుగుమందు, మేత నా సరుకుతో కలిపి వెయ్యకూడదు.

బండి ఆగిపోతే వేరే బండి ఆయనే పంపాలి.

రిపేరు, ఇన్సూరెన్స్, డ్రైవర్ అన్నీ ఆయనవే. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ కాగితాల కాపీలు నేను తీసుకుని పెట్టుకున్నాను.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. చేలో వరి ఇంకా కోతకి రాలేదు గానీ మా రేకుల షెడ్డులో పాత బియ్యం, మినప్పప్పు ఉన్నాయి. 27వ తేదీ ఉదయం ఫోన్ చేశాను, మధ్యాహ్నానికి బండి వచ్చింది. సరుకంతా గుడివాడలో మా బావగారి డాబా ఇంటికి చేర్చాం. ఆ ఒక్క రోజుతో ఒప్పందం ఖర్చు నాకు గిట్టుబాటు అయిపోయింది.

ఒక జాగ్రత్త. నేను తీసుకున్నది డ్రైవర్‌తో సహా బండి. అలా కాకుండా తాళాలు మీ చేతికి ఇచ్చే లీజు అయితే సంగతి వేరు. మోటారు వాహనాల చట్టంలో లీజు ఒప్పందం కింద బండి ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్ళనే యజమానిగా చెప్పారు. ప్రమాదం జరిగితే బాధ్యత మీ మీదకి రావచ్చు. ఇన్సూరెన్స్ చూడకుండా సంతకం పెట్టకండి. డ్రైవర్ ఎవరిదైనా సరే, కూలీలని వెనక ట్రక్కులో ఎక్కించవద్దు. గూడ్స్ బండిలో ఊరికే ఎక్కినవాళ్ళకి ఇన్సూరెన్స్ వర్తించదు, ప్రాణం సంగతి సరే సరి.

ఎప్పుడు కొనాలి?

మీ పుస్తకంలో ట్రిప్పులు వరసగా రెండేళ్ళు మీ లెక్క దాటితే కొనండి, భయపడొద్దు. రోజూ కూరగాయలు, పాలు వేసేవాళ్ళు ఇట్టే దాటుతారు. ఒక్కరికి దాటకపోతే నలుగురు రైతులు కలిసి వేసుకోండి. నలభై ట్రిప్పుల వాళ్ళు ఐదుగురు కలిస్తే రెండు వందలు. కానీ ఆర్‌సీ ఎవరి పేరున, వాయిదా ఎవరు కడతారు, తుఫాను రోజున ఎవరి లోడు ముందు అన్నది కొనక ముందే రాసుకోండి.

"ఖాళీ రోజుల్లో బయట కిరాయిలు వేసుకుంటాను" అనే ధైర్యంతో మాత్రం కొనకండి. అది రెండో వ్యాపారం. నా స్నేహితుడు ఒకడు అలాగే కొన్నాడు. బండి బాగానే తిరిగింది, వాడు చేలోకి వెళ్ళడం మానేశాడు. జీవామృతం కలపాల్సిన రోజున వాడు ఎక్కడో లోడు దించుతూ ఉండేవాడు.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు. అందుకని ఆర్‌సీలో ఆ అంకె ఎంత ఉంటుందో ముందే అడగండి. ఫిట్‌నెస్ మాత్రం తప్పదు. కొత్త బండికి మొదట రెండేళ్ళు, ఎనిమిదేళ్ళ వరకు రెండేళ్ళకోసారి, తర్వాత ఏటా. కారు లైసెన్సు ఉంటే చాలు, 7,500 కిలోల లోపు గూడ్స్ బండి నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 6న తేల్చింది. పాత బండి కొంటే డబ్బుతో పాటు ఆర్‌సీ కూడా మీ పేరున మారాలి. లోను తీరిన రోజున ఫైనాన్స్ వాళ్ళ దగ్గర ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్‌సీ మీద వాళ్ళ పేరు తీయించండి. చాలామంది ఇది మర్చిపోయి అమ్మేటప్పుడు తిరుగుతుంటారు.

ఇప్పుడు షోరూమ్‌కి వెళ్ళే ముందు పది రూపాయల నోటుబుక్కు ఒకటి కొనండి. తేదీ, ఎక్కడికి, ఎన్ని బస్తాలు, ఎంత కిరాయి. ఒక్క ఏడాది రాయండి. జీఎస్టీ తగ్గింపు ఎక్కడికీ పారిపోదు. నా పుస్తకంలో ఈ ఏడాది 121 దాటేలా ఉంది. 171 దాటిన ఏడాది కొత్త బండి పక్కన నిలబడి వీడియో తీస్తాను. అంతవరకు మా కిరాయి బండే మా బండి.