పాత లేత్ చక్‌ను బాగు చేసిన విధము

గత సంవత్సరము కావడి ఉత్సవమునాడు మా ఆలయ రథము వీధి మలుపు తిరుగుచుండగా ఎడమవైపు ముందు చక్రము కీచుమని అరచి ఒక ప్రక్కకు వాలినది. లాగువారు ఆగినారు. దేవుని దయవలన ఎవరికిని దెబ్బ తగలలేదు. మరునాడు చక్రమును ఊడదీసి చూచినాము. ఇరుసునకును చక్రమునకును నడుమ ఉండు గన్‌మెటల్ బుష్ ఒక ప్రక్క కాగితమంత పలుచగా అరిగిపోయి ఉన్నది. తక్కిన మూడు బుష్‌లును ఇంచుమించు అదే స్థితిలో ఉన్నవి.

భక్తులు ఇచ్చిన విరాళములతో ఐదు కడ్డీలు పోత పోయించినాము. నాలుగు చక్రములకు నాలుగు, చేతిలో ఒకటి. వాటిని లేత్ మిషన్ మీద తరిగి బుష్‌లుగా చేయు పని మేమే చేయుదుమని ఆలయ సంఘమునకు మాట ఇచ్చినాము. మేము అనగా ముగ్గురము: సంఘ సభ్యులము ఇద్దరము, మాలో ఒకరి మేనల్లుడు ఒకడు. మాట ఇచ్చిన వారమునకే మొదటి కడ్డీని చెడగొట్టినాము. లోపలి రంధ్రమును తొలుచుచుండగా కడ్డీ చక్ పట్టునుండి జారి, కోత ఉలి దానిని లోతుగా కొరికినది. తప్పు ఉలిది కాదు, పోత పోసినవానిది కాదు. చక్ అరిగిపోయినది. ఇక అదనపు కడ్డీ లేదు. మిగిలిన నాలుగింటిని ముట్టుకొనక ముందు చక్‌ను బాగు చేయవలెనని నిశ్చయించుకొన్నాము.

ఆ లేత్ మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఉన్నది. డర్బన్‌కు ఉత్తరమున ఉన్న ఒక చక్కెర మిల్లు తన పనిశాలలోని పాత యంత్రములను తుక్కు ధరకు అమ్మినప్పుడు మా నాయన కొన్నది. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవు చేరినది మొదలు 1911 వరకు ఒప్పంద కూలీలుగా ఇచ్చటికి వచ్చిన మనవారిలో అనేకులు చెరకు పొలములలోను మిల్లులలోను పని చేసినారు. వారి బిడ్డలు కొందరు పనిశాలలలో చేతి సాయమునకు చేరి, యంత్రము ప్రక్కన నిలుచుండి చూచియే పని నేర్చుకొన్నారు. అప్రెంటిస్ పత్రము ఆ రోజులలో మనవారికి సులభముగా చిక్కునది కాదు. మా నాయనకు చిక్కలేదు. అయినను మిల్లులో పని ఇరుకున పడినప్పుడు ఆయననే పిలిచెడివారు.

తెలుగు మరల నేర్చుకొనుచున్న పిల్లలకు ఇచ్చట ఒక మాట. లేత్‌కు మన భాషలో పాత పేరు తరిమెన. తరిమెన పట్టుట అనగా కొయ్యనుగాని లోహమునుగాని త్రిప్పుచు ఉలితో నునుపుగా తరుగుట. ఆంధ్ర దేశమున ఏటికొప్పాక గ్రామములో లక్క బొమ్మలను నేటికిని ఇట్లే త్రిప్పుచు చేయుచున్నారు. మన పెద్దలు యంత్రమును మిల్లులో మొదటిసారి చూచి ఉండవచ్చును గాని, ఆ పని ఏమిటో వారి ఊరి వడ్రంగికి తెలియును.

చక్ అనునది లేత్ తిరుగు మొనకు బిగించిన పిడికిలి. మాది ఆరు అంగుళములది, అనగా 150 మిల్లీమీటర్లు, మూడు దవడలు గలది. ముందు ముఖమున మూడు గాడులు, ఒక్కొక్క గాడిలో ఒక ఉక్కు దవడ. లోపల ఒక గుండ్రని పలక. దాని ముందువైపు నత్తగుల్ల మీది గీతవలె సుడి తిరిగిన గట్టు ఉండును. వెనుకవైపు వాలు పళ్ళు ఉండును. తాళపుచెవితో ప్రక్కనున్న చిన్న పళ్ళ చక్రమును త్రిప్పినచో పలక తిరుగును. పలక తిరిగినచో సుడి గట్టు దవడల వెనుక పళ్ళను ఒకేసారి లోపలికిగాని వెలుపలికిగాని నెట్టును. అందువలన మూడు దవడలును కేంద్రము నుండి ఒకే దూరమున నిలుచును. ఈ సుడి చక్‌కు అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమువాడైన సైమన్ ఫెయిర్‌మన్ 1840లో పేటెంటు పొందినాడు. అతని అల్లుడు ఆస్టిన్ కుష్‌మన్ దానిని మెరుగుపరచినాడు. నేటి చక్ లోపలను ఆ ఏర్పాటే ఉన్నది.

చక్‌ను ఊడదీయుటయే మొదటి కష్టము. మా లేత్ మొనకు మరలు ఉన్నవి. ఏండ్ల తరబడి బిగిసిన చక్ కదలలేదు. బ్యాక్ గేరును అడ్డముగా బిగించి బలముగా కొట్టుట కొందరి అలవాటు. అది మహా తప్పు. పాత పోత ఇనుప పళ్ళు పెళుసువి. ఒక పన్ను విరిగినచో యంత్రమే మూలపడును. మేము రెండు దినములు మరలలో నూనె నాననిచ్చి, లేత్ మంచము మీద ఒక చెక్కను నిలిపి, చక్ దవడను దానికి ఆనించి, బెల్టును చేతితో వెనుకకు లాగినాము. మూడవ లాగుడుకు వదలినది. క్రింద పలక వేసి ఉంచుట మరువరాదు. ఏడెనిమిది కిలోల ఇనుము మంచము మీద పడినచో ఆ గుంట ఎన్నటికి పోదు.

ఇక తూలుట ఎచ్చటనుండి వచ్చుచున్నదో కనుగొనవలెను. చక్ తూలినంతమాత్రమున దవడలనే నిందించరాదు. చక్ తీసివేసి, తిరుగు మొనకు డయల్ గేజిని ఆనించి చూచినాము. 0.01 మిల్లీమీటరు మాత్రమే కదలినది. మొన బాగున్నది. తరువాత వెనుక పలకను మాత్రము బిగించి దాని ముఖమునకు గేజి పెట్టినాము. 0.06 కదలినది. పలకను విప్పి చూడగా మొన భుజమునకును పలకకును నడుమ ఒక పాత ఇనుప రజను అణగి అతుకుకొని ఉన్నది. మా నాయన కాలమునాటిదే కావచ్చును. దానిని గీకివేయగా 0.01కి వచ్చినది. అరగంట పనితో కొంత దోషము పోయినది.

చక్‌ను మరల కూర్చి, నునుపైన 25 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీని పట్టించి చూచినాము. దవడల దగ్గర 0.30, అచ్చటికి 100 మిల్లీమీటర్ల దూరమున 0.55. కడ్డీని విప్పి మరల పట్టించినప్పుడెల్ల అంకె మారుచుండెను, ఎత్తు వచ్చు వైపు కూడ మారుచుండెను. ఇది ముఖ్యమైన గుర్తు. ప్రతిసారియు ఒకే దవడ వైపునకే తూలినచో దోషము సుడి పలకలోగాని వెనుక పలకలోగాని ఉండును. తూలు వైపు మారుచున్నచో దవడలు కడ్డీని సరిగా పట్టుట లేదు. మేనల్లుడు ఒక ఉపాయము చెప్పినాడు.

“మామా, దవడకును కడ్డీకిని నడుమ సన్న కాగితపు ముక్కలు పెట్టి బిగించుదుమా? ఎచ్చట పట్టు ఉన్నదో తెలియును.”

“పెట్టి చూడరా.”

ముందు అంచున పెట్టిన మూడు కాగితములును వ్రేలితో లాగగానే వచ్చినవి. వెనుక పెట్టినవి చినిగినవిగాని రాలేదు. దవడలు ముందు భాగమున గంట మూతివలె విచ్చుకొని అరిగినవి. పొట్టి ముక్కలను ఎన్నో ఏండ్లు దవడల చివర మాత్రమే పట్టించిన ఫలితమిది. మా బుష్‌ల కడ్డీ 110 మిల్లీమీటర్ల పొడవు. వెనుక కొస మాత్రమే చిక్కి, ముందు కొస గాలిలో ఉన్నప్పుడు ఉలి నెట్టినచో అది జారక ఏమగును?

ఇచ్చట ఒక సందేహము రావచ్చును. లోపలి రంధ్రమును వెలుపలి ముఖమును ఒకే బిగింపులో తరిగినచో చక్ తూలినను రెండును ఒకదానితో ఒకటి సరిగానే ఉండును కదా అని. నిజమే. తూలుటకు మాత్రమే అయినచో మేము చక్ జోలికి పోయి ఉండము. పట్టు లేకపోవుటయే మా భయము.

చక్‌ను పూర్తిగా విప్పి పారఫిన్‌లో కడిగినాము. దవడల మీద 1, 2, 3 అని చెక్కిన అంకెలు ఉండును. అవి అలంకారము కాదు. సుడి గట్టు తిరుగుచు వచ్చునప్పుడు ఒక్కొక్క గాడిని వేరువేరు సమయములలో చేరును కనుక, దవడల పళ్ళు ఒకదానికంటె ఒకటి కొంచెము జరిపి కోయబడి ఉండును. తిరిగి కూర్చునప్పుడు సుడి మొదలు ఒకటవ గాడిలో కనబడు దాక త్రిప్పి ఒకటవ దవడను, తరువాత రెండును, మూడును వరుసగా పెట్టవలెను. వరుస తప్పినచో మూడును ఎన్నటికి కలియవు. సుడి గట్టు మీది గరుకులను సన్న సానరాయితో తీసినాము. తాళపుచెవి కొస గుండ్రబడినది గనుక కొత్తది చేసినాము.

దవడలు గట్టి పరచిన ఉక్కు. ఆకురాయి వాటిపై జారిపోవును. వాటిని వాటి స్థానముననే, తిరుగుచుండగా, వేగముగా తిరుగు చిన్న సానచక్రముతో అరగదీయవలెను. చేతి గ్రైండరును ఉలి పట్టు స్థానమున బిగించినాము. లేత్ మంచమునంతటిని తడి గుడ్డలతో కప్పినాము, ఏలయనగా సాన ధూళి మంచము మీద పడినచో అదే రెండవ సానరాయి అగును. కంటి అద్దములు, ముక్కు గుడ్డ లేక షెడ్డులోనికి రావలదని మేనల్లునికి చెప్పి, మేము కూడ పెట్టుకొన్నాము.

ఇచ్చటనే పొరపాటు చేసినాము. ఏ బిగువు లేక దవడలు వదులుగా ఉన్నప్పుడు అరగదీయరాదని తెలియును. కనుక దవడల వెలుపల ఒక ఉక్కు కడియము తొడిగి, దవడలను వెలుపలికి త్రిప్పి దానికి బిగించి, లోపలి ముఖములను సాన పట్టినాము. ఒక పూట పని. అద్దమువలె వచ్చినవి. కడ్డీని పట్టించి చూడగా 0.25! సాయంత్రము వరకు ఒకరి ముఖము ఒకరము చూచుకొన్నాము.

కారణము తరువాత తోచినది. ఊగు పంటిని తలచుకొనుడు. లోపలికి నొక్కినప్పుడు ఒక వైపు వాలును, వెలుపలికి నొక్కినప్పుడు మరియొక వైపు వాలును. అరిగిన గాడిలోని దవడయు అంతే. కడియము దవడలను లోపలికి నెట్టుచుండెను. కడ్డీని పట్టినప్పుడో, కడ్డీ దవడలను వెలుపలికి నెట్టును. ఒక వాలులో నునుపు చేసి, ఎదురు వాలులో వాడినాము. పని చేయునప్పుడు ఏ దిక్కున బిగువు పడునో, సాన పట్టునప్పుడును ఆ దిక్కుననే పడవలెను.

కనుక దవడలు లోపలికే బిగియవలెను, అయినను వాటి పట్టు ముఖములు సానచక్రమునకు ఖాళీగా ఉండవలెను. 10 మిల్లీమీటర్ల మందము గల ఇనుప బిళ్ళను తీసుకొన్నాము. నడుమ పెద్ద రంధ్రము, దాని చుట్టు సమదూరమున ఆ రంధ్రములోనికి తెరచుకొను మరి మూడు రంధ్రములు చేసినాము. మూడు రేకుల పూవువలె ఉన్నది. దవడల కొసలు రేకులలోనికి దూరును. వాటి ఏటవాలు ప్రక్కలు రేకుల నడుమనున్న ముక్కులకు ఆని బిగియును. కొస ముఖములు మాత్రము నడిమి రంధ్రములోనికి కనబడుచుండును. సానచక్రము ఆ రంధ్రము గుండ లోపలికి పోవును.

చక్‌ను నెమ్మదిగా త్రిప్పుచు, సానచక్రమును ముందుకు వెనుకకు నడుపుచు, విడతకు 0.01 మిల్లీమీటరు చొప్పున తీసినాము. మొదట నిప్పు రవ్వలు వెనుక కొసననే వచ్చినవి, అచ్చటనే అరుగుదల తక్కువ గనుక. క్రమముగా ముందుకు ప్రాకినవి. మూడు దవడల మీదను మొదటినుండి చివర వరకు ఒకే ధ్వని వినబడు దాక ఓపిక పట్టినాము. పిదప లోతు పెంచక, రవ్వలు ఆగు వరకు చక్రమును నడిపినాము. రెండు సాయంత్రములు పట్టినది.

మరల విప్పి, కడిగి, పలుచని నూనె రాచి కూర్చినాము. చిక్కని గ్రీజు వలదు. అది రజనును పట్టుకొని సుడిని అరగదీయును. కాగితపు ముక్కలు ఈసారి ముందును వెనుకను చినిగినవి. గేజి మీద దవడల దగ్గర 0.04, 100 మిల్లీమీటర్ల దూరమున 0.06. అయితే ఈ అంకెలు మేము సాన పట్టినప్పుడు దవడలు ఉన్న వెడల్పునకు దగ్గరలోనే. సుడి పలక అన్ని చోట్ల ఒకే విధముగా అరుగలేదు గనుక, మరీ సన్న కడ్డీని పట్టించినచో 0.12 వరకు తూలుచున్నది. అంతకంటె మేలు కావలసినవారు నాలుగు దవడల చక్ వాడి, ఒక్కొక్క దవడను వేరుగా సర్దుకొనవలెను.

నాలుగు బుష్‌లును ఆ మాసములోనే ముగిసినవి. తొలిచిన రంధ్రములలో ఇరుసు చేతితో త్రిప్పగా మెత్తగా తిరిగినది. మేనల్లుడు మూడవదానిని తానొక్కడే చేసినాడు. మేము వెనుక నిలుచుండి, తాళపుచెవిని చక్‌లో మరచి మీట వేయుచున్నాడా అని మాత్రమే చూచినాము. మరువలేదు. చెడిన మొదటి కడ్డీని పారవేయలేదు. కొరికిన భాగమును కోసివేయగా మిగిలిన ముక్క జెండా స్తంభపు కప్పీకి బుష్‌గా సరిపోవును. అది ఇంకను చేయవలసి ఉన్నది.